ఎవరి పురుగులు

బుధవారం మధ్యాహ్నం ఆయా పెద్దాయన వీపు తుడుస్తోంది. ఒక చేత్తో ఆయన భుజాన్ని తన ఛాతీకి ఆనించుకుని, రెండో చేత్తో సబ్బు గుడ్డని మెడ దగ్గర్నుంచి నడుం దాకా ఒకే దిక్కుగా లాగుతోంది. మంచాన పడ్డ మనిషిని అటూ ఇటూ రుద్దితే చర్మం లేచిపోతుందని ఆమెకి పాతికేళ్ళ పనిలో తెలిసింది. కిటికీ వైపున్న పక్క మీద, నడుం నుంచి చంక దాకా, ఎర్రటి చుక్కలు. సోమవారం నాలుగో అయిదో ఉండేవి. ఇప్పుడు చెయ్యి పెట్టడానికి చోటు లేదు. పెద్దాయనకి మాట పడిపోయింది కానీ దురద పోలేదు. గుడ్డ ఆ చుక్కల మీదికి వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుని, ఇంకా, ఇంకా అన్నట్టు గడ్డం ఎగరేస్తున్నాడు.

"ఆయా! ఇలా రా. చేతులు కడుక్కోకు, ఎలా ఉన్నదానివి అలాగే రా."

ముందుగదిలోంచి టైలరమ్మ గొంతు. అది పిలుపులా లేదు.

ముందుగది నిండా బడి యూనిఫారాలు. సోమవారం బడులు తెరుస్తారు. నీలం పావడాలు ఒక కుప్ప, తెల్ల చొక్కాలు ఒక కుప్ప, గుండీలు కుట్టాల్సినవి కిటికీ కింద గోడకి ఆనించి ఇంకో కుప్ప. రెండు మిషన్ల మధ్య బ్యాంకులో పనిచేసే ఆవిడ తన కూతుర్ని మెడ పట్టుకుని నిలబెట్టి ఉంది. పిల్ల మెడ చుట్టూ కాలర్ మేర ఎర్రగా కందిపోయింది.

"కొలత చూద్దామని చొక్కా వేసి పావుగంట కాలేదు," అంటోంది బ్యాంకావిడ. "మొన్న మా పక్కింటావిడ కూడా ఇదే మాట అంది. మీ దగ్గర్నుంచి బట్టలు తెచ్చుకున్న దగ్గర్నుంచీ ఇంటిల్లిపాదీ గోక్కుంటున్నారట. నేనే నమ్మలేదు."

టైలరమ్మ మొహంలో నెత్తురు లేదు. ఏడాది మొత్తం మీద ఆమె మిషను ఊపిరాడకుండా తిరిగేది ఈ రెండు వారాలే. ఆమె ఆయా రెండు మణికట్లూ పట్టుకుని, లైటు కిందికి లాగి, ముంజేతుల్ని వెల్లకిలా తిప్పింది. వాటి నిండా కూడా అవే ఎర్రటి చుక్కలు.

"చూశారా? ఇదీ సంగతి. మా మామగారికి చెయ్యడానికి పెట్టుకున్నాను. గజ్జి మోసుకొచ్చింది."

"గజ్జి కాదమ్మా," అంది ఆయా. "ఇది నాకు ఈ ఇంట్లోనే పట్టింది."

"నోర్ముయ్. మా ఇంట్లో రోజూ రెండు పూటలా ఫినాయిల్ పెట్టి తుడుస్తాం."

తుడిచేది ఆయానే. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. బ్యాంకావిడ తన చీర అంచు దగ్గరికి లాక్కుని ఒక అడుగు వెనక్కి వెయ్యడం చూసి, మింగేసింది.

"ఎన్ని ఇళ్ళకి వెళ్తుందో ఏమో ఈవిడ," అంది బ్యాంకావిడ ఆయా వైపు చూడకుండా. "మూడో వీధిలో పసిబిడ్డకి నీళ్ళు కూడా పోస్తుంది కదూ?"

"ఎక్కడికైనా పోనివ్వండి. నా గడప మాత్రం ఇక తొక్కదు."

తలుపు వెనక ఆయా సంచీ ఉంది. అందులో అన్నం డబ్బా, పనిలో చీర మీద వేసుకునే చొక్కా. టైలరమ్మ దాన్ని చేత్తో ముట్టుకోలేదు. బట్ట కొలిచే చెక్క స్కేలు తీసుకుని, దాని కొసతో సంచీని నేల మీద తోసుకుంటూ గడప అవతలికి నెట్టింది. డబ్బా లోపల డబడబమని మోగింది.

"పెద్దాయన వీపుకి సబ్బుంది," అంది ఆయా. "కడిగేసి పోతాను. ఎండిపోతే మండుతుంది."

"అక్కర్లేదు. బయటికి నడు."

ఆయా సంచీ తీసుకుంది. వీధిలో సగం దూరం పోయాక గానీ తన చేతులకి కూడా సబ్బు ఉందని చూసుకోలేదు.

*

గురువారం పొద్దున్నే మూడో వీధిలో ఇంటి తలుపు తీయలేదు. నెలన్నర పిల్లకి రోజూ నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేది ఆయానే. ఆ వేళకి గుమ్మంలో వేడినీళ్ళ బకెట్టు సిద్ధంగా ఉండేది. ఇవాళ కటకటాల వెనక పిల్ల అమ్మమ్మ నిలబడింది.

"పిల్లకి జలుబు చేసింది. నాలుగు రోజులు నీళ్ళు వద్దన్నారు."

"నిన్న పొద్దున బాగానే ఉంది కదమ్మా."

"రాత్రి చేసింది."

లోపల పిల్ల గొంతు చించుకుని ఏడుస్తోంది. నీళ్ళ వేళ దాటితే అలాగే ఏడుస్తుంది. ఇద్దరూ ఆ ఏడుపు వింటూ నిలబడ్డారు.

"ఎవరు చెప్పారమ్మా మీకు?" అంది ఆయా.

అమ్మమ్మ తల దించుకుంది. మంచి మనిషే, అబద్ధం సరిగా రాదు. "ఎవరు చెబితే ఏముందిలే. పసిగుడ్డు. నీ చేతులు నయమయ్యాక చూద్దాం."

ఆయా అక్కడి నుంచి తిన్నగా పెద్దాసుపత్రికి వెళ్ళింది. చర్మం డాక్టరమ్మ గది ముందు రెండున్నర గంటలు బల్ల మీద కూర్చుంది. ఎడమపక్కన కూర్చున్నామె ఆయా చేతులు చూసి నెమ్మదిగా జరిగింది. కుడిపక్కనామె చూసి లేచి నిలబడింది. చర్మ రోగాల గది ముందు కూడా అంటరానిదాన్నయ్యానా అని ఆయాకి నవ్వొచ్చింది. అంతలోనే ఆ నవ్వు కోపంగా మారింది. రెండున్నర గంటల సేపు ఆ కోపాన్ని చల్లారనివ్వకుండా కూర్చుంది.

డాక్టరమ్మ భూతద్దం పెట్టి వేళ్ళ సందులు విడదీసి చూసింది. మణికట్టు ముడతలు చూసింది. నడుం చూసింది.

"గజ్జి కాదు. గజ్జి అయితే వేళ్ళ సందుల్లో గీతలు గీతలుగా ఉంటుంది. నీకు సందులు శుభ్రంగా ఉన్నాయి. ఇంట్లో పావురాలు, కోళ్ళు ఏమైనా ఉన్నాయా?"

"మా ఇంట్లో లేవు. పనిచేసే ఇంట్లో ఉన్నాయి. తొమ్మిది పెట్టలు. గుడ్లు నేనే తీసేదాన్ని."

"గుడ్ల మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తున్నాయా? కోళ్ళు సాయంత్రం గూట్లోకి పోకుండా మొరాయిస్తున్నాయా?"

ఆయా నోరు తెరిచి చూసింది. రెండూ నిజమే. పది రోజులుగా కోళ్ళు గూడు తలుపు దాకా వచ్చి వెనక్కి తిరుగుతున్నాయి. వాటిని ఒక్కొక్కదాన్నీ ఎత్తి లోపల వేస్తోంది. తలల మీది ఎర్రటి తురాయిలు కూడా పాలిపోయి, ఉతికిన గుడ్డ రంగులోకి వచ్చాయి.

"కోడి పురుగులు," అంది డాక్టరమ్మ. "పగలు చెక్క సందుల్లో దాక్కుంటాయి. చీకటి పడ్డాక బయటికొచ్చి కోళ్ళ నెత్తురు తాగుతాయి. మరీ పెరిగిపోతే మనుషుల మీదికి పాకుతాయి. మనిషి ఒంటి మీద బతకవు, కుట్టి పోతాయి. మందు నీకు కాదు, గూటికి కావాలి."

ఏం చెయ్యాలో కూడా చెప్పింది. గడ్డి తగలబెట్టాలి. చెక్క విప్పి సలసల కాగే నీళ్ళు పొయ్యాలి. సందులు పూడ్చాలి. ప్రతి కోడికీ రెక్కల కింద, తోక కింద పురుగుల పొడి పట్టించాలి. పెట్టల మీద పొడి వేశాక ఎన్నాళ్ళు గుడ్లు తినకూడదో పొడి అమ్మేవాణ్ణి అడగాలి. "ఇంకో ముఖ్యమైన సంగతి," అంది తలుపు వైపు చూసి తరువాతి మనిషిని పిలవబోతూ. "ఒకసారితో పోదు. పాకే పురుగు చస్తుంది కానీ దాని గుడ్డు చావదు. వారం రోజులకి మళ్ళీ మొత్తం చెయ్యాలి. లేకపోతే చేసిందంతా వృథా."

"ఇది గజ్జి కాదని ఒక కాగితం రాసివ్వండి," అంది ఆయా.

డాక్టరమ్మ రాసిచ్చింది. ఆయా బయటికొచ్చి ఎండలో పట్టుకుని చూసింది. చీమకి సిరా అంటించి వదిలినట్టుంది. మందుల కొట్టు అతనికి చూపిస్తే, చాలాసేపు చూసి, "ఏదో కోడి అని ఉంది," అన్నాడు.

*

శుక్రవారం ఎండ నడినెత్తికి వచ్చాక ఆయా వెనక సందు వైపు నుంచి టైలరమ్మ పెరట్లోకి వెళ్ళింది. గేటు గొళ్ళెం ఎలా ఎత్తితే చప్పుడు కాదో ఆమెకి తెలుసు. కోళ్ళ గూడు ఇంటి పక్కగోడకి ఆనించి కట్టి ఉంది. గూటికి ఒక పక్క పెద్దాయన కిటికీ, ఇంకో పక్క ముందుగది కిటికీ. ఆ కిటికీ కిందే లోపల గుండీలు కుట్టాల్సిన చొక్కాల కుప్ప. ఎన్నిసార్లు చూసింది ఈ గోడని! ఇప్పుడు తన మీద తనకే చిరాకేసింది.

తొమ్మిది పెట్టలూ నీడలో ముడుచుకుని కూర్చున్నాయి. మెడ మీద ఈకలు ఊడిన ఎర్రపెట్ట ఆమెని చూసి లేవబోయి మళ్ళీ కూలబడింది.

ఆయా గూట్లోకి సగం ఒంగి, కోళ్ళు రాత్రి ఎక్కి పడుకునే అడ్డకర్ర కింద తెల్ల కాగితం పట్టుకుంది. తలపిన్ను తీసి, కర్ర గోడకి కలిసే చోట పగులులో పెట్టి గీకింది. బూడిదలాంటి పొడి రాలింది. ఒక్క క్షణం అలాగే ఉంది. తరువాత ఆ బూడిద నడిచింది. కాగితం మధ్యలోంచి నాలుగు దిక్కులకీ విచ్చుకుంటూ, ఆమె వేళ్ళ వైపు వచ్చింది. బొటనవేలితో నొక్కితే కాగితం మీద ఎర్రటి చార పడింది.

"దొంగతనం కూడా మొదలెట్టావా?"

టైలరమ్మ వెనక గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కత్తెర ఉంది.

ఆయా కాగితాన్ని ఆమె మొహం దగ్గరికి చాపింది. "ఇదిగో నా గజ్జి. మీ అడ్డకర్రలోంచి తీశాను. లెక్కపెట్టుకోండి."

టైలరమ్మ వెనక్కి జరిగింది. మళ్ళీ ముందుకొచ్చింది. సూదిబెజ్జంలోకి దారం ఎక్కించే కళ్ళు, ఒకసారి చూస్తే చాలు. కాగితం మీద పాకుతున్నవాటిని చూసింది, ఎర్రటి చార చూసింది. తల తిప్పి గూడుని, గోడని, ఆ పైన కిటికీని చూసింది. ఎడమ చెయ్యి తనకి తెలియకుండానే మెడ వెనక్కి వెళ్ళి గోకింది.

"మీకూ ఉంది," అంది ఆయా.

"నోర్ముయ్."

"పొడుగు చేతుల చొక్కా ఈ ఎండలో ఎందుకు వేసుకున్నారో అనుకున్నాను."

టైలరమ్మ గొంతు తగ్గించింది. "ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు. ఆదివారం యూనిఫారాలకి వీధి వీధంతా వస్తుంది కదా. అప్పుడు చెబుతాను. ఒక్కొక్కరికీ తిరిగి చెప్పుకునే ఓపిక లేదు నాకు."

"నా కడుపు మీద కొడతావా?"

"మీరు నన్ను ఎక్కడ కొట్టారు మరి?"

ఎర్రపెట్ట ఎక్కడో గొంతులో కీచుమంది. టైలరమ్మ కత్తెరని ఊరికే తెరిచి మూసింది. "రేపట్నుంచి పన్లోకి రా. జరిగిందేదో జరిగిపోయింది. ఎవరికీ చెప్పొద్దు. అంతే."

"పని అక్కర్లేదు. బయటివాళ్ళ ముందు గజ్జి అన్న నోటితోనే, అందరి ముందూ కాదని చెప్పాలి. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

టైలరమ్మ కత్తెరని గుమ్మం మెట్టు మీద పెట్టింది. దారం కొరికి ఉమ్మేసినట్టు అడిగింది. "ముందు ఇవి ఎలా పోతాయో తెలుసా నీకు?"

"తెలుసు. నేను చెబుతాను. చెయ్యాల్సింది మీరు. నేను వేలు పెట్టను. నా గజ్జి మీ గూటికి అంటుకుంటుంది."

ఆయా పెరట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీని నీడలోకి లాక్కుని కూర్చుంది. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో పనిచేస్తూ ఆ కుర్చీలో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

టైలరమ్మ చేసింది. గూట్లో గడ్డినంతా చేటలోకి ఎత్తి పెరటి మూల తగలబెట్టింది. గడ్డి చిటపటమంది. ఆయా చెబుతూ ఉంటే, మేకులు ఊడబెరికి అడ్డకర్రలు విప్పింది, గుడ్ల పెట్టెలు బయటికి లాగింది. పెద్ద గిన్నెలో నీళ్ళు కాచి, గుడ్డ పట్టుకుని మోసుకొచ్చి పోసింది. పగుళ్ళలోంచి బూడిదరంగు నురగ పొంగింది. "అక్కడ కాదు, మూల," అంది ఆయా. "మూలల్లోనే ఉంటాయి. మీకు కనపడనివన్నీ మూలల్లోనే ఉంటాయి." టైలరమ్మ చూసిన చూపుకి గిన్నెలో నీళ్ళు మళ్ళీ కాగేవి. కానీ మూలలో పోసింది. బజారుకి పోయి పురుగుల పొడి, చెక్క సందుల్లో పెట్టే లప్పం తెచ్చింది. లప్పాన్ని వేలితో సందుల్లోకి కూరి, అంచులు నున్నగా తీర్చింది. చొక్కా కాలర్ కుట్టినంత నీటుగా చేసింది. ఆయాకి ఆ నీటుతనం చూస్తే ఒళ్ళు మండింది.

కోళ్ళ దగ్గర మాత్రం పని ఎటూ సాగలేదు. కోడిని తలకిందులుగా పట్టుకునేది ఒకరు, పొడి పట్టించేది ఒకరు ఉండాలి. టైలరమ్మ ఒక్కతే కోడిని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో రెక్క విప్పి, ఇంకో చేత్తో పొడి చల్లబోతే, కోడి తన్నింది. పొడి సగం ఆమె మొహాన పడింది. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఆయా వైపు చూసింది. అడగలేదు. ఆయా లేవలేదు. తొమ్మిది కోళ్ళకీ సాయంత్రం దాకా పట్టింది. అన్నిటికన్నా చివర ఎర్రపెట్ట. దానికి తన్నే ఓపిక కూడా లేదు.

"అయిపోయిందా?" అంది టైలరమ్మ. చేతులకి గీరలు, జుట్టులో పొడి.

ఆయా నోటి దాకా వచ్చింది, వారానికి మళ్ళీ చెయ్యాలని. లప్పం పెట్టిన నున్నటి అంచులు చూసింది. నేల మీద స్కేలు కొసతో సంచీని తోసిన చప్పుడు చెవుల్లో మోగింది. ఈవిడ నిశ్చింతగా పడుకుని, పదిహేను రోజులకి మళ్ళీ గోక్కుంటూ లేస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంది. బావుంటుందనిపించింది.

"అయిపోయింది," అంది. లేచి వెళ్ళిపోయింది.

*

ఆదివారం ముందుగదిలో చోటు లేక వీధి అరుగు మీద కూడా జనం నిలబడ్డారు. టైలరమ్మ శనివారమంతా బట్టల్ని వేడినీళ్ళలో ముంచి, ఎండేసి, ఇస్త్రీ చేసింది. కుప్పలన్నీ కిటికీ దగ్గర్నుంచి అవతలి గోడ వైపుకి మారాయి. ఇప్పుడు ఒక పిల్ల పావడా అంచు సరిచేస్తూ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. నోట్లో నాలుగు గుండుసూదులు.

ఆయా గుమ్మంలోకి వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. బ్యాంకావిడ తన కూతుర్ని వెనక్కి లాక్కుంది. మూడో వీధి అమ్మమ్మ మనవడి యూనిఫారానికి వచ్చినట్టుంది, కిటికీ బయటికి చూడడం మొదలెట్టింది.

ఆయా టైలరమ్మ వైపు చూసింది. టైలరమ్మ సూది తీసి పావడాకి గుచ్చింది. ఇంకో సూది. తల ఎత్తలేదు.

సరే, అనుకుంది ఆయా. కాగితం తీసింది.

"నాకు గజ్జి లేదు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ రాసిచ్చింది. ఈ ఇంటి వెనక కోళ్ళ గూట్లో పురుగులున్నాయి. అవే బట్టల్లోకి పాకాయి. పెద్దాయన్నీ, నన్నూ, మీ పిల్లల్నీ కుట్టినవి అవే."

 బ్యాంకావిడ ఆ కాగితాన్ని దూరం నుంచే తొంగి చూసి నవ్వింది. "ఇందులో ఒక్క అక్షరం చదవగలిగితే చెప్పండి ఎవరైనా. తన గజ్జిని కోళ్ళకి అంటగడుతోంది పాపం."

వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. "కోళ్ళు కేసు వేస్తాయి," అన్నారు ఇంకెవరో. నవ్వు గదంతా పాకింది. ఆయా అరుగు మీది మొహాలు చూసింది. ఇందులో కోపం ఉన్నవాళ్ళెవరూ లేరు. వాళ్ళకి ఆమె మాట మీద నమ్మకం లేకపోవడం కాదు, ఆమె మాటతో పని లేదు. రెండు రోజులుగా మనసులో అల్లుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో, ఒక్కటీ దొరకలేదు. కాగితం మడిచి వెనక్కి తిరిగింది.

"ఆగు."

టైలరమ్మ నోట్లో మిగిలిన రెండు సూదులూ తీసి చేతికి కట్టుకున్న దూది దిండుకి గుచ్చింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఆమె గెలిచినట్టే. అది ఆమెకి తెలియకపోలేదు.

"ఆవిడ చెప్పింది నిజం," అంది. "పురుగులు నా కోళ్ళవి. ఆవిడకి గజ్జి లేదు. నేనే అబద్ధం చెప్పాను." చొక్కా చేతులు మోచేయి పైకి మడిచి చూపించింది. అవే చుక్కలు. "గూడు కడిగాను, బట్టలు ఉడకేశాను. కావలసినవాళ్ళు పట్టుకెళ్ళండి. వద్దనుకున్నవాళ్ళు గుడ్డ వెనక్కి తీసుకుపొండి. నేను ఏమీ అనుకోను."

అయిదుగురు బట్టలు వదిలేసి వెళ్ళారు. బ్యాంకావిడ అందరికంటే ముందు. మిగిలినవాళ్ళు తీసుకున్నారు కానీ రెండు వేళ్ళతో పట్టుకుని తీసుకున్నారు. అమ్మమ్మ వెళ్తూ వెళ్తూ ఆయా పక్కన ఆగి, "రేపు పొద్దున రా," అంది. "పిల్ల నా చేతి నీళ్ళకి ఊరుకోవడం లేదు."

గది ఖాళీ అయ్యాక టైలరమ్మ నేల మీద రాలిన దారప్పోగులు ఏరుతూ అడిగింది. "తృప్తిగా ఉందా?"

ఉండాలి. ఆయా తనలో వెతుక్కుంది. దొరకలేదు. వెనకగది గుమ్మం దాకా వెళ్ళింది. ఈ నాలుగు రోజుల్లో పెద్దాయన వీపు పుండు పడి ఉంటుందని, అది చూసి నాలుగు మాటలు అనొచ్చని అనుకుంది. మంచం కిటికీ నుంచి జరిపి అవతలి గోడకి వేసి ఉంది. పెద్దాయన గోళ్ళు కత్తిరించి ఉన్నాయి. గడ్డం గీసి ఉంది. పక్కకి తిప్పి, వీపు వెనక దిండు సరిగ్గా పెట్టాల్సిన చోటే పెట్టి ఉంది. హాయిగా నిద్రపోతున్నాడు.

ఆయా ఆ దిండు వైపే చూస్తూ గుమ్మంలో నిలబడింది. తిరిగొచ్చి ముందుగదిలో, టైలరమ్మకి ఎదురుగా నిలబడి చెప్పింది.

"నేను మీకో మాట చెప్పలేదు. మర్చిపోయి కాదు. ఒకసారి కడిగితే పోవవి. గుడ్లు బతికే ఉంటాయి. వారానికి మళ్ళీ అంతా చెయ్యాలి."

టైలరమ్మ చేతిలో దారప్పోగులు అలాగే ఉన్నాయి. "చెప్పకూడదనే అనుకున్నావా?"

"అనుకున్నాను."

"మళ్ళీ మా మామగారి మీదికి కూడా పాకేవి కదా."

ఆయాకి ఆ సంగతి ఇప్పటిదాకా తట్టలేదు. 

"ఫో," అంది టైలరమ్మ. అరవలేదు. "నా కళ్ళ ముందు నుంచి ఫో."

*

వారం తిరిగిన శుక్రవారం తెల్లవారుజామున, వేడినీళ్ళు కాగేవేళకి ఆయా వెనక గేటు తీసుకుని వచ్చింది. టైలరమ్మ రమ్మనలేదు, పొమ్మనలేదు. విప్పిన కర్రలు పెరట్లో పరిచి ఉన్నాయి. ఆయా ఒక కర్ర ఎత్తి పట్టుకుంటే టైలరమ్మ నీళ్ళు పోసింది. కోళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయా ఒక్కొక్కదాన్నీ కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసింది, టైలరమ్మ రెక్కల కింద, తోక కింద పొడి పట్టించింది. ఈసారి ఎనిమిదే. ఎర్రపెట్ట ఏమైందని ఆయా అడగలేదు. ఇద్దరి తలలూ అంత దగ్గరగా ఉండి కూడా, "పట్టుకో", "వదులు" తప్ప మాటల్లేవు. గంటలో అయిపోయింది.

ఆయా కుళాయి దగ్గర చేతులు కడుక్కుని సంచీ భుజాన వేసుకుంటుంటే, టైలరమ్మ అంది. "నీ చొక్కా చంక దగ్గర చిరిగింది."

"తెలుసు."

"విప్పి ఇవ్వు. అయిదు నిమిషాల పని."

"వద్దు." ఆయా గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసి ఆగింది. "ఇది చిరిగి ఏడాదైంది. రోజూ మీ మిషను ముందు నుంచే నడిచేదాన్ని. అప్పుడు కనపడలేదా మీకు?"

టైలరమ్మ పొడి డబ్బా మూత బిగిస్తోంది. బిగించడం ఆపింది.

"కనపడింది," అంది.

ఆయా ఆమె మొహం వైపు చూసింది. ఇంకేమైనా అంటుందేమోనని ఆగింది. టైలరమ్మ మళ్ళీ మూత బిగించడం మొదలెట్టింది. ఆయా గేటు వేసి, వెనక సందులోంచి మూడో వీధి వైపు నడిచింది. పిల్లకి నీళ్ళ వేళయింది.